మహమ్మారి రోజుల్లో కాన్పు: నొప్పులు పడే మనిషి పక్కన ఎలా ఉండాలి

మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతున్నాయా? ఆస్పత్రికి ఆమె వెంట వెళ్లేది మీరేనా? తల్లి, అత్త, వదిన, భర్త, ఎవరైనా సరే, ఇది మీ కోసమే రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. 2020, 2021 రెండేళ్లూ డ్యూటీలోనే ఉన్నాను. మొదటి వేవ్‌లో మా దగ్గర తోడు వచ్చినవాళ్లను గేటు బయటే ఆపేశాం. ఒక రాత్రి తొలిచూలు అమ్మాయి ఒకామె ఒంటరిగా లోపలికి వచ్చింది. వాళ్లమ్మ బయట చెట్టు కింద కూర్చుంది. అమ్మాయి ఫోన్‌ను సెలైన్ స్టాండుకి ప్లాస్టర్‌తో అతికించి స్పీకర్ పెట్టాను. నొప్పి వచ్చినప్పుడల్లా "గాలి పీల్చు బిడ్డా... ఇగ మెల్లగ ఇడువు" అని ఆ తల్లి గొంతు వినిపించేది. అమ్మాయి భుజాలు కిందికి దిగేవి, పిడికిలి వదులయ్యేది. రెండు గ్లౌజుల కింద చెమటతో నానిపోయిన నా వేళ్లకి ఆ తేడా తెలిసేది. తెల్లవారుజామున ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఆ తర్వాత అరగంట ఆమె పడిన భయం నేను మర్చిపోలేదు. మేం ముగ్గురం పక్కనే ఉన్నాం. కానీ ముగ్గురం ముఖాలు కనబడని తెల్ల సూట్లలో ఉన్నాం.

ఆమె తల్లికి ఒక మంచి మాస్కు ఇచ్చి లోపలికి రానిచ్చి ఉండాల్సింది. కోవిడ్ సోకిన తల్లికి కూడా తనకు నచ్చిన మనిషి ఒకరు కాన్పులో తోడు ఉండాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మళ్లీ ఏ అంటురోగం వచ్చినా ఆమె ఒంటరిగా ఉండకూడదు. దానికి మీరు ముందు నుంచీ సిద్ధం కావాలి.

ఎనిమిదో నెలలోనే చేయాల్సినవి

ముందు రోగం గురించి ఒక మాట. గర్భిణికి ఊపిరితిత్తుల జబ్బు సోకితే మామూలు మనిషికంటే ముదిరే ప్రమాదం ఎక్కువ. కడుపు పెరిగేకొద్దీ గర్భసంచి ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడుతుంది, లోతుగా గాలి పీల్చుకునే చోటు తగ్గుతుంది. ఒంటికి ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడూ ఇదే చూశారు. దేశంలో ఆ జబ్బు మొదటి కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే, ఆ ఏడాది మే నెలలో. కోవిడ్‌లోనూ గర్భిణులు ఐసీయూ దాకా వెళ్లడం ఎక్కువే. అందుకే టీకా ఉంటే, డాక్టర్ వద్దనకపోతే, వేయించండి. కోవిడ్ టీకా గర్భిణులకు కూడా వేయొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 జూలై 2న చెప్పింది. అప్పటికే సెకండ్ వేవ్ మనల్ని ముంచేసి పోయింది. ఈసారి ఆలస్యం చేయకండి.

ఇక ఆస్పత్రి సంగతి. రెండు ఆస్పత్రులు చూసి పెట్టుకోండి. మొదటిది ఆమె చెకప్‌లకు వెళ్తున్నది. పెట్లబుర్జు, కోఠి సుల్తాన్‌బజార్ లాంటి ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి కావచ్చు, ప్రైవేటు కావచ్చు. అక్కడి డాక్టర్‌ని సూటిగా అడగండి: "కాన్పు సమయానికి పాజిటివ్ వస్తే మీరే చేస్తారా, ఎక్కడికైనా పంపిస్తారా?" పంపిస్తామంటే అదే మీ రెండో ఆస్పత్రి. 2020లో గాంధీ ఆస్పత్రిని కోవిడ్‌కే కేటాయించారు, పాజిటివ్ వచ్చిన గర్భిణులకు కాన్పులు అక్కడే చేసేవాళ్లు. వేరే జబ్బు వస్తే ప్రభుత్వం వేరే ఆస్పత్రిని పెట్టొచ్చు. మీ బస్తీ దవాఖానాలో గానీ ఆశా వర్కర్‌ని గానీ అడిగితే అప్పటికి ఏది నడుస్తుందో చెబుతారు.

దారి ఒకసారి చూసి రండి. ఉప్పల్ నుంచో ఎల్బీనగర్ నుంచో అర్ధరాత్రి బయల్దేరితే పాతబస్తీ గల్లీల్లో ఏ గేటు తెరిచి ఉంటుందో తెలియక తిరిగినవాళ్లు చాలామంది. కాన్పు కేసులు రాత్రి ఏ గేటు నుంచి తీసుకుంటారో పగలే కనుక్కోండి. 108 ఎలాగూ ఉంది. అయినా వీధిలో కారు గానీ ఆటో గానీ ఉన్న ఒకరిద్దరి నంబర్లు రాసి గోడకి అంటించండి.

తోడు ఎవరు వెళ్లాలన్నది ఆమెనే అడగండి. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అత్తగారి ముందు అడిగితే మొహమాటపడి అత్తగారి పేరే చెబుతుంది. ఆమె చెప్పిన మనిషికి షుగర్, బీపీ లాంటివి ఉన్నా, అరవై దాటినా ఇంకొకరిని కూడా సిద్ధంగా ఉంచండి. ఒకరికి జ్వరం వస్తే రెండోవారు వెళ్లాలి. ఇద్దరూ కాన్పు తేదీకి రెండు వారాల ముందు నుంచి పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ వెళ్లకూడదు. మన ఊళ్లో ఇది కష్టమే, నాకు తెలుసు. రెండు వారాలే కదా.

సంచిలో పెట్టాల్సినవి: తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్త పరీక్షల కాగితాలు అన్నీ ఒకే ఫైల్‌లో, ఫైల్ మీద పెద్ద అక్షరాలతో బ్లడ్ గ్రూప్. ఆమెకి మూడు పొరల మాస్కులు ఒక పదిహేను, ఎందుకంటే చెమటకి తడిసిపోతాయి. మీకు ఎన్‌-95 మాస్కులు నాలుగు. శానిటైజర్, మెడికల్ షాపులో దొరికే పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్, ఫ్లాస్కు, స్ట్రాలు, ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి నూలు గుడ్డలు. ఫోన్ ఛార్జర్, పవర్ బ్యాంకు. ఇవెందుకో పైన చెప్పాను.

నొప్పులు మొదలయ్యాయి, ఇప్పుడు ఏం చేయాలి

టెన్షన్ పడి వెంటనే పరుగెత్తొద్దు. అలాగని రోగం భయంతో ఇంట్లోనే కూర్చోవద్దు. రెండూ చూశాను. మరీ ముందుగా వచ్చినవాళ్లు కిక్కిరిసిన హాల్లో గంటల తరబడి దగ్గేవాళ్ల మధ్య కూర్చునేవాళ్లు. మరీ ఆలస్యంగా వచ్చినవాళ్లలో కొందరికి స్ట్రెచర్ మీదే కాన్పు అయ్యేది.

ఉత్త నొప్పులు ఒక పద్ధతి లేకుండా వస్తాయి, పడుకుంటేనో కాస్త నడిస్తేనో తగ్గిపోతాయి. అసలు నొప్పులు తగ్గవు, దగ్గరవుతూ బలపడతాయి. ఫోన్‌లో టైమ్ చూస్తూ రాసుకోండి. తొలిచూలు అయితే ఐదు నిమిషాలకోసారి, ఒక్కో నొప్పి దాదాపు నిమిషం పాటు, ఇలా గంట నడిస్తే బయల్దేరండి. రెండో కాన్పయినా, ఆస్పత్రి దూరమైనా ఇంకా ముందే బయల్దేరాలి. అప్పటిదాకా ఇంట్లో నడవనివ్వండి. జావ, ఇడ్లీ, మజ్జిగ ఏది తాగాలనిపిస్తే, తినాలనిపిస్తే అది కొంచెం కొంచెం ఇవ్వండి. ఇంతకుముందు సిజేరియన్ అయినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, కవలలున్నవాళ్లు, బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్లతోనో ఉందని చెప్పినవాళ్లు మాత్రం ఈ లెక్కలేవీ చూడకూడదు. నొప్పి మొదలైతే డాక్టర్‌కి ఫోన్ చేసి బయల్దేరడమే.

ఇవి కనబడితే ఎవరైనా సరే ఒక్క నిమిషం ఆగొద్దు: ఉమ్మనీరు పోవడం, అందులోనూ ఆకుపచ్చగా ఉంటే మరీ. రక్తం పోవడం. బిడ్డ కదలికలు తగ్గడం. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, ఫిట్స్. జ్వరం 100.4 దాటడం. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా ఆయాసం రావడం. ఆక్సీమీటర్‌లో 95 కంటే తగ్గడం. మామూలు మనుషులకి 94 అంటే ఇంకా చూద్దాం అనుకుంటారు, గర్భిణికి అలా అనుకోకూడదు, బిడ్డ కూడా ఆ గాలి మీదే ఉంది. నెయిల్ పాలిష్, నల్ల మెహందీ ఉన్న వేలికి పెడితే లెక్క తప్పు రావచ్చు. శ్రీమంతంలో పెట్టుకున్న మెహందీ ఉంటే ఏ రంగూ లేని వేలు చూసి పెట్టండి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వేడి చేయండి.

బయల్దేరే ముందు ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఆమెకి జ్వరమో దగ్గో ఉంటే అప్పుడే చెప్పండి. వాళ్లు వేరే గది సిద్ధం చేసుకుంటారు.

బండిలో ఏసీ ఆపి అద్దాలు దించండి, అందరూ మాస్కు వేసుకోండి. ఆమెను ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. దారిలోనే బిడ్డ వచ్చేస్తుంటే బండి ఆపించి 108కి ఫోన్ చేయండి, వాళ్లు లైన్‌లోనే చెబుతుంటారు. బిడ్డను లాగొద్దు, చేతులు కింద పట్టండి. బయటికి రాగానే నూలు గుడ్డతో ఒళ్లంతా గట్టిగా తుడిచి తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. బొడ్డు మీరు కోయొద్దు. మాయను లాగొద్దు.

గేటు దగ్గర

కోవిడ్ మొదటి నెలల్లో ఈ ఊళ్లో చాలామంది గర్భిణుల్ని "టెస్టు రిపోర్టు ఉంటేనే" అని వెనక్కి పంపారు. ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి తిరిగినవాళ్లున్నారు. కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోండి: టెస్టు లేదన్న కారణంతో కాన్పుతో సహా ఏ అత్యవసర చికిత్సా ఆలస్యం చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 మేలోనే రాతపూర్వకంగా చెప్పింది. శాంపిల్ తీసుకోవచ్చు, కానీ చికిత్స ఆపకుండా తీసుకోవాలి. ఇంకో జబ్బు వచ్చినప్పుడు కొత్త ఉత్తర్వులు వస్తాయి, వాటిని ఫోన్‌లో దాచుకోండి, అవసరమైతే చూపించండి.

గొడవ పెట్టుకోవద్దు. గేటు దగ్గరుండే సెక్యూరిటీ మనిషికి మీ మాట మీద నిర్ణయం తీసుకునే అధికారం ఉండదు. "డ్యూటీ డాక్టర్‌ని పిలవండి, ఒక్కసారి పరీక్ష చేయమనండి" అని అడుగుతూనే ఉండండి. బీపీ, బిడ్డ గుండె చప్పుడు, గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఈ మూడూ చూడకుండా అక్కడి నుంచి కదలొద్దు. నిజంగానే వేరే ఆస్పత్రికి పంపాల్సి వస్తే మూడు అడగండి: కారణం రాసిన రిఫరల్ కాగితం, అవతలి ఆస్పత్రికి ఫోన్, అంబులెన్స్. మీ సొంత ఆటోలో వెళ్లమంటే ఒప్పుకోవద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, ఇంకో ఆస్పత్రికి రవాణా అన్నీ ఉచితమేనని 2011 నుంచీ జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉంది.

మీ వైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది. జ్వరం ఉంటే దాచొద్దు. చేర్చుకోరేమో అని ఒక కుటుంబం పారాసిటమాల్ వేసి తీసుకొచ్చింది. రెండు రోజుల తర్వాత మా షిఫ్టులో సగం మంది ఇళ్లల్లో క్వారంటైన్‌లో ఉన్నాం. ఆ వారం వచ్చిన తల్లులకి చేతులు చాల్లేదు.

లేబర్ రూమ్‌లో

లోపలికి వెళ్లగానే చేతులు సబ్బుతో కడుక్కోండి, గోళ్ల సందులు, బొటనవేలి మొదలు, మణికట్టు దాకా. ఎన్‌-95 ముక్కు దగ్గర నొక్కి చూసుకోండి, ఊపిరి వదిలితే కళ్లలోకి గాలి రాకూడదు. ఒకసారి పెట్టుకున్నాక ముందు భాగం ముట్టుకోవద్దు. మీరు లోపల ఉన్నంతసేపూ బయటికి వచ్చి టీ తాగి మళ్లీ వెళ్లడం లాంటివి వద్దు.

ఆమెకి మూడు పొరల మాస్కు చాలు. ఆయాసం వస్తోందంటే బలవంతం చేయొద్దు, సిస్టర్‌కి చెప్పండి. మాస్కు తడిస్తే వెంటనే మార్చండి, తడి మాస్కులోంచి గాలి ఆడదు. నీళ్లు ఇవ్వడానికి మాస్కు గడ్డం కిందికి లాగి స్ట్రాతో రెండు గుక్కలు, మళ్లీ పైకి. డాక్టర్ వద్దంటే తప్ప ప్రతి అరగంటకీ ఏదో ఒకటి తాగించండి. రెండు గంటలకోసారి మూత్రానికి పంపండి. నిండిన మూత్రసంచి బిడ్డ తల కిందికి దిగకుండా అడ్డుపడుతుంది.

వెల్లకిలా పడుకోనివ్వొద్దు. నడవగలిగితే నడిపించండి. లేదంటే ఎడమ పక్కకి, లేదా కూర్చుని మంచం రైలింగ్ పట్టుకుని ముందుకి వంగి. నొప్పి నడుములో ఎక్కువగా ఉంటే ఇలా చేయండి: మణికట్టుకి పైన అరచేతిలో మెత్తగా ఉండే కండని ఆమె నడుము కింది ఎముక మీద ఆనించి, నొప్పి మొదలవగానే నిదానంగా గట్టిగా నొక్కండి. రుద్దొద్దు, నొక్కి పట్టుకోండి. నొప్పి శిఖరానికి చేరినప్పుడు మీ ఒంటి బరువంతా ఆ చేతి మీద వేసినా ఆమె ఇంకా గట్టిగా అంటుంది. నొప్పి దిగగానే చెయ్యి తీసేయండి, నుదురు తుడవండి. మీకు చేతులు నొప్పి పుడతాయి. పర్వాలేదు.

ఎక్కడ నిలబడాలో కూడా చెప్పాలి. ఎదురుగా ముఖంలో ముఖం పెట్టి కాకుండా ఆమె భుజం పక్కన, ఇద్దరూ ఒకే వైపు చూసేలా ఉండండి. ముక్కేటప్పుడు ఆమె ఊపిరి బలంగా బయటికి వస్తుంది, అది నేరుగా మీ ముఖం మీద పడదు. చెవి దగ్గర మాత్రం ఉంటారు, మాట వినబడుతుంది. గదిలోని కిటికీలు తెరిచి ఉంచమని అడగండి. ఫ్యాన్ గాలి ఆమె మీదుగా ఇతరుల వైపు వీచకుండా చూడండి.

మాస్కులో నవ్వు కనబడదు. అందుకని మాట్లాడండి. పేరు పెట్టి పిలవండి. "ఇప్పుడొచ్చినావిడ డాక్టరమ్మ, లోపల పరీక్ష చేస్తారు, నేను ఇక్కడే ఉన్నా" అని ఎవరు ఏం చేస్తున్నారో ముందే చెప్పండి. సూట్లలో మనుషుల్ని చూస్తే తెలియకుండానే ఒళ్లు బిగుస్తుంది, బిగుసుకున్న ఒంటికి నొప్పి రెట్టింపవుతుంది. ఊపిరి మీరే లెక్కపెట్టండి, ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, నోటితో ఆరు అంకెలు బయటికి.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "అందరూ కనలేదా", "అరవకు, పరువు పోతుంది". మా లేబర్ రూముల్లో కూడా కసురుకునేవాళ్లున్నారు, అలసట వల్ల నేనూ కసిరాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎవరైనా కసిరితే మీరు పోట్లాడక్కర్లేదు. "సిస్టర్, భయపడుతోంది, ఏం చేయాలో చెప్పండి, నేను చేయిస్తా" అనండి. అది చాలాసార్లు పనిచేస్తుంది.

బిడ్డ గుండె చప్పుడు అరగంటలోపు ఒకసారైనా వినాలి, ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. రద్దీలో మర్చిపోతే గుర్తుచేయండి, తప్పుగా అనుకోరు.

ఆమెకి పాజిటివ్ అని తేలితే

సిజేరియన్ చేయాలని కాదు. కోవిడ్ ఒక్కటే సిజేరియన్‌కి కారణం కాదు, నార్మల్ కాన్పు అవుతుంది, వేలమందికి అయింది. నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ కూడా ఇవ్వొచ్చు. తేడా ఎక్కడంటే, గంటకోసారి ఆక్సిజన్, జ్వరం, ఊపిరి లెక్క చూడాలి. నొప్పి లేని సమయంలో నిమిషానికి 24 సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా వెంటనే పిలవండి. మీరు ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నవారైతే మీకూ సోకి ఉండొచ్చు, కాబట్టి వార్డులో ఇంకొకరి మంచం దగ్గరికి వెళ్లొద్దు. తోడుని అసలు రానివ్వకపోతే వీడియో కాల్ పెట్టించండి, పవర్ బ్యాంకు ఆమె దిండు కింద ఉంచండి.

ఈ జబ్బు కోవిడ్ కాకుండా ఇంకోటైతే కొన్ని జాగ్రత్తలు మారతాయి. ముట్టుకుంటే అంటేదైతే గ్లౌజులు, గౌను మీకూ ఇవ్వమని అడగండి. పాలు పట్టడం గురించి కూడా ఆ జబ్బుని బట్టి డాక్టర్‌నే అడగాలి.

బిడ్డ వచ్చాక

అందరి కళ్లూ బిడ్డ మీదికి పోతాయి. మీ కళ్లు తల్లి మీద ఉండాలి. కాన్పు కాగానే గర్భసంచి బిగుసుకోవడానికి తొడకి ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఇస్తారు, ఇచ్చారా అని అడగండి. మొదటి రెండు గంటలు రక్తం ఎంత పోతోందో చూస్తూ ఉండాలి. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తబడినా, ప్యాడ్ నిమిషాల్లో తడిసిపోతున్నా, ఆమె పాలిపోయి చల్లబడుతున్నా గట్టిగా కేకేయండి. మాస్కు ఉంది కదా అని నెమ్మదిగా పిలవకండి.

బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోస్తే బిడ్డకి రక్తం పడుతుంది. పాజిటివ్ తల్లి అయినా ఆగొచ్చు. తుడిచి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం, గంటలోపు ముర్రుపాలు పట్టడం, ఇవి కోవిడ్ ఉన్నా ఆపక్కర్లేదు. తల్లి చేతులు కడుక్కుని మాస్కు వేసుకుంటే చాలు. రొమ్ము ప్రతిసారీ కడగక్కర్లేదు. తల్లికి లేవలేనంత నీరసంగా ఉంటే పాలు పిండి చెంచాతో పట్టండి. తేనె, ఆముదం నాకించొద్దు. బిడ్డకి మాస్కు వేయకూడదు. మొదటి 24 గంటలూ స్నానం వద్దు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా వేశారో లేదో ఇంటికి వచ్చే ముందు కార్డులో చూసుకోండి.

ఇంట్లో

కిటికీలు మూసి, సాంబ్రాణి పొగ నింపి బాలింతను పడుకోబెట్టే అలవాటు మనది. ఊపిరితిత్తుల జబ్బు రోజుల్లో ఆ పొగ తల్లికీ బిడ్డకీ చేటు. కిటికీ తెరవండి, తలుపు పక్కన సబ్బు, నీళ్లు పెట్టండి. నీళ్లు తక్కువ తాగించే పథ్యం కూడా వద్దు. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, కోవిడ్ లాంటివి దాన్ని పెంచుతాయి. బాగా తాగాలి, ఇంట్లో అటూ ఇటూ నడవాలి. ఒక కాలే వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం, జ్వరం, దుర్వాసన, ఎక్కువ రక్తం కనబడినా 108.

ఇరవై ఒకటో రోజు తొట్టెల ఇంట్లోవాళ్ల మధ్యే చేసుకోండి. చుట్టాలకి వీడియోలో చూపించండి. ముద్దులు పెట్టనివ్వొద్దు, ఎవరు నొచ్చుకున్నా సరే.

ఆ రెండేళ్లలో ఒంటరిగా కన్న తల్లులు చాలామంది తర్వాత నెలల తరబడి నిద్ర పట్టక ఏడ్చేవాళ్లు. మీ ఇంటి బాలింత రెండు వారాలు దాటినా దిగులుగా ఉంటే, బిడ్డను చూడాలనిపించడం లేదంటే, "అన్నీ బాగానే ఉన్నాయి కదా" అనకండి. పక్కన కూర్చుని ఆ రోజు లేబర్ రూమ్‌లో ఏం జరిగిందో చెప్పమని అడగండి, చివరిదాకా వినండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఆమెతో కలిసి మీరే ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. తనను తాను గానీ బిడ్డను గానీ ఏమైనా చేసుకుంటానంటే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.